వెస్టర్న్ చిత్రాల్లో తుపాకులు: కథాకాలం, తయారీకాలం, చిత్రీకరణకాలం

వ్యాససంగ్రహం:

అమెరికా పశ్చిమ ప్రాంతపు 19వ శతాబ్ది జీవితాన్ని చిత్రించిన వెస్టర్న్ సినిమాల్లో, కథ జరిగేనాటికి ఇంకా తయారుకాని తుపాకులు తరచుగా కనిపిస్తాయి. వీటిని దర్శకుల అజాగ్రత్తగా భావించి వదిలివేయడం పరిపాటి. ఖాళీ తూటాల స్వభావం, ఆయుధాల అద్దె వ్యాపారం, సైనిక మిగులు ఆయుధాల విక్రయం, నటనావసరాలు ఈ కాలవైరుధ్యాలకు కారణాలని ఈ వ్యాసం వివరిస్తుంది. తెరమీది తుపాకిని చారిత్రకాధారంగా స్వీకరించే ముందు దానిలోని మూడు కాలాలను విడదీసి చూడవలసి ఉంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వెస్టర్న్ చిత్రాలు, చిత్రసామగ్రి, కోల్ట్ రివాల్వర్, వించెస్టర్ రైఫిల్, ఖాళీ తూటా, కాలవైరుధ్యం.

1. ఉపోద్ఘాతం:

జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో 1956లో విడుదలైన ‘ది సెర్చర్స్’ చిత్రకథ 1868లో టెక్సాస్‌లో మొదలవుతుంది. కథానాయకుడు ఈథన్ ఎడ్వర్డ్స్ పాత్రను జాన్ వేన్ పోషించాడు. అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్ళకు సోదరుని ఇల్లు చేరిన మాజీ సైనికుడతడు. అతడు ధరించిన రివాల్వర్ కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. దీనిని అమెరికా సైన్యం 1873లో స్వీకరించింది. అతని చేతి రైఫిల్ వించెస్టర్ 1892 నమూనా. కథ ప్రారంభమయ్యే నాటికి మొదటి ఆయుధం రావడానికి ఐదేళ్ళు, రెండవది రావడానికి ఇరవైనాలుగేళ్ళు మిగిలి ఉన్నాయి.

ఇది ఒక్క చిత్రానికి పరిమితమైన లోపం కాదు. 1843లో జరిగే కథగా మొదలయ్యే ‘ది కొమాంచెరోస్’ (1961)లోనూ ఇవే రెండు ఆయుధాలు కనిపిస్తాయి. 1880 ప్రాంతపు కథగా భావించే ‘స్టేజ్‌కోచ్’ (1939)లో జాన్ వేన్ చేతిలో తిరిగే రైఫిల్ కూడా 1892 నమూనాయే. దర్శకులు, నిర్మాణసంస్థలు, దశాబ్దాలు మారినా అదే జంట పునరావృతం కావడాన్ని వ్యక్తుల అజాగ్రత్తతో వివరించడం సాధ్యం కాదు. ఇంత క్రమబద్ధంగా జరిగే పొరపాటు వెనుక ఒక వ్యవస్థ ఉండి తీరాలి. ఆ వ్యవస్థను గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. చారిత్రక నేపథ్యం:

తెరమీది చిత్రణను అంచనా వేయడానికి ముందు ఆనాటి ఆయుధాల వాస్తవ స్థితిని తెలుసుకోవాలి. అంతర్యుద్ధ కాలంలో (1861-1865) ప్రధానంగా వాడుకలో ఉన్నవి కోల్ట్ 1851 నేవీ, 1860 ఆర్మీ వంటి రివాల్వర్లు. వీటిలో ప్రతి గదిలోనూ తుపాకిమందు, సీసపు గుండు విడివిడిగా కూరి, వెనుక నిప్పురాజేసే చిన్న లోహపు టోపీని అమర్చవలసి ఉండేది. మళ్ళీ నింపడం నెమ్మదైన పని.

లోహపు తూటాను వెనుకవైపు నుంచి అమర్చే రివాల్వర్‌కు కీలకమైన నిర్మాణంపై రోలిన్ వైట్ 1855లో పేటెంట్ పొందాడు. దాని వినియోగ హక్కు స్మిత్ అండ్ వెసన్ సంస్థకు దక్కింది. ఆ పేటెంట్ 1869లో ముగిసే వరకు కోల్ట్ సంస్థ ఆ తరహా రివాల్వర్‌ను తయారుచేయలేకపోయింది. అందువల్ల సినిమాలు చిరకాలంగా ‘పశ్చిమం’ అని చూపుతున్న తూటాల రివాల్వర్ యుగం నిజానికి 1870లలో గాని స్థిరపడలేదు.

1873 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, వించెస్టర్ 1873 రైఫిల్, సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ 1873 నమూనా మూడూ ఆ ఏటి పేరుతోనే ప్రసిద్ధమయ్యాయి. వీటిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఒక్కొక్క తూటాను మాత్రమే నింపి పేల్చే ఆయుధం. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో ఏడవ అశ్వికదళం వాడినది ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్‌నూ, కోల్ట్ రివాల్వర్‌నూ. 1983లో ఆ రణరంగంలో గడ్డి తగలబడిన తరువాత మొదలైన పురావస్తు పరిశోధనలో దొరికిన తూటా తొడుగులను, గుళ్ళను పరీక్షించినప్పుడు, లకోటా, షయాన్ యోధులు నలభైకి పైగా రకాల తుపాకులు వాడినట్లు తేలింది. హెన్రీ, వించెస్టర్ వంటి వరుసగా పేల్చగల రైఫిళ్ళు వారి వైపు ఉన్నాయి. మూలవాసుల చేతికి విల్లంబులను, సైనికులకు వేగవంతమైన తుపాకులను ఇచ్చే సినిమా సంప్రదాయానికి ఇది దాదాపు తలకిందులైన చిత్రం.

పట్టణ జీవితం విషయంలోనూ భేదం కనిపిస్తుంది. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణం 1881 ఏప్రిల్‌లో ఊరిలో మారణాయుధాలు ధరించి తిరగడాన్ని నిషేధిస్తూ శాసనం చేసింది. అదే సంవత్సరం అక్టోబర్ 26న జరిగిన ఓ.కె. కొరాల్ కాల్పులకు తక్షణ కారణాల్లో ఆ నిషేధాన్ని అమలుచేసే ప్రయత్నం ఒకటి. కాన్సాస్‌లోని పశువుల వ్యాపార పట్టణాల్లోనూ ఇటువంటి నిషేధాలు ఉండేవి. ప్రతి నడుముకూ రివాల్వర్ వేలాడే వీధి పశ్చిమ పట్టణాల సాధారణ దృశ్యం కాదు.

3. ఖాళీ తూటా నిర్ణయించిన ఎంపిక:

చిత్రీకరణలో తుపాకి పేలాలి, మంట, పొగ కనిపించాలి, కాని గుండు వెలువడకూడదు. ఇందుకోసం తుపాకిమందు ఉండి, సీసపు గుండు లేని ఖాళీ తూటాను వాడతారు. ఒక్కొక్క తుపాకి గొట్టం కొలతకు ఒక్కొక్క రకం ఖాళీ తూటాను సిద్ధం చేసుకోవడం నిర్మాణసంస్థలకు భారం. వందలాది సహాయనటులు గుర్రాలపై కాల్పులు జరిపే సన్నివేశంలో తూటాలు కలగలిసిపోతే చిత్రీకరణ నిలిచిపోతుంది.

ఈ సమస్యకు పరిష్కారంగా వచ్చినదే ‘ఫైవ్-ఇన్-వన్’ అనే ఖాళీ తూటా. 38-40, 44-40, 45 కోల్ట్ కొలతల రివాల్వర్లు మూడింటిలోను, 38-40, 44-40 కొలతల రైఫిళ్ళు రెండింటిలోను ఒకే తూటా పనిచేస్తుంది. ఐదు ఆయుధాలకు సరిపోయేది కనుక దానికి ఆ పేరు వచ్చింది. ఈ ఐదింటి జాబితాను పరిశీలిస్తే వెస్టర్న్ చిత్రాల ఆయుధ సంపద అంతా అందులో ఇమిడిపోతుంది. మూడు రివాల్వర్ కొలతలూ కోల్ట్ సింగిల్ యాక్షన్‌లో లభించేవి. రెండు రైఫిల్ కొలతలూ వించెస్టర్ 1873, 1892 నమూనాల్లో లభించేవి. గుండును, మందును విడివిడిగా కూరే 1851 నేవీకి, ఒక్క తూటా స్ప్రింగ్‌ఫీల్డ్‌కు ఆ జాబితాలో చోటు లేదు.

అంటే, 1868 నాటి పాత్ర చేతికి 1873 నాటి రివాల్వర్ చేరడానికి ముఖ్య కారణం ఒక చిన్న ఇత్తడి తొడుగు. చరిత్రను అనుసరించి కూర్పు రివాల్వర్ ఇస్తే ప్రతి చిత్రీకరణ ఖండానికీ ఆరు గదులను విడివిడిగా నింపవలసి వస్తుంది. కోల్ట్ సింగిల్ యాక్షన్‌ను నింపడానికి అంత శ్రమ అక్కరలేదు. కూలి లెక్కలు రోజువారీగా సాగే స్టూడియో వ్యవస్థలో ఈ తేడా నిర్ణాయకమైనది.

రెండు వించెస్టర్ నమూనాల్లో 1892కే ప్రాధాన్యం దక్కడానికీ భౌతిక కారణాలున్నాయి. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనా పొట్టిది, తేలికైనది, దాని లోపలి బిగింపు పాతదానికన్నా దృఢమైనది. పది లక్షలకు పైగా తయారైంది. 1873 నమూనా తయారీ 1920ల తొలినాళ్ళకే ఆగిపోగా, 1892 కార్బైన్ రెండవ ప్రపంచయుద్ధ కాలం దాకా విపణిలో నిలిచింది. హాలీవుడ్ తన ఆయుధాగారాలను నింపుకొన్నది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. అందుబాటులో ఉన్న ఆయుధమే గతానికి ప్రతినిధి అయింది.

4. అద్దె ఆయుధాగారాలు, వేషధారణ:

వెస్టర్న్ చిత్రాల తుపాకులు చాలావరకు నిర్మాతల సొంతం కావు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జేమ్స్ స్టెంబ్రిడ్జ్ పారమౌంట్ స్టూడియో ఆవరణలో ప్రారంభించిన ఆయుధాల అద్దె సంస్థ దశాబ్దాల పాటు హాలీవుడ్ చిత్రాలకు తుపాకులను సరఫరా చేసింది. ఒక చిత్రంలో షెరీఫ్ ధరించిన రివాల్వర్ మరుసటి నెలలో మరో చిత్రంలో దొంగ చేతికి చేరేది. ఒకే ఆయుధం పలు కథల్లో పలు కాలాలకు ప్రాతినిధ్యం వహించడం ఈ వ్యాపారపు సహజ ఫలితం.

దీనికి మరో మూలం సైనిక మిగులు సామగ్రి. సైన్యం కొత్త రైఫిళ్ళకు మారినప్పుడు వేలాది స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులు న్యూయార్క్‌లోని ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్ సంస్థ వంటి వ్యాపారుల ద్వారా తక్కువ ధరకు అమ్ముడుపోయాయి. వీటిలో కొన్నింటికి చెకుముకి రాయి పట్టుకొనే నకిలీ భాగాలను పక్కన బిగించి, 18వ శతాబ్దపు తుపాకులుగా తెరమీద చూపించారు. చూపరికి కనిపించే రాయి కేవలం అలంకారం. పేలేది మాత్రం వెనుక దాగిన తూటాయే.

1860 నాటి హెన్రీ రైఫిల్ అవసరమైనప్పుడు కూడా ఇదే పద్ధతి. హెన్రీ రైఫిల్‌కు గొట్టం కింద చెక్క తొడుగు ఉండదు, మధ్యభాగం ఇత్తడి రంగులో మెరుస్తుంది. 1892 వించెస్టర్ గొట్టం కింది చెక్కను తొలగించి, మధ్యభాగానికి పసుపురంగు పూస్తే దూరపు దృశ్యంలో హెన్రీ సిద్ధమవుతుంది. ఈ వేషం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. చిత్రసామగ్రి నిపుణులకు చరిత్ర తెలియక కాదు, తెలిసే వారు ఆర్థిక పరిమితుల్లో దానికి దగ్గరి రూపాన్ని కల్పించారు. ‘చూసుకోలేదు’ అనే సాధారణ విమర్శ ఇక్కడ నిలవదు.

5. నటన, అలంకరణ:

తూటా తరువాతి ప్రభావం నటన. ‘స్టేజ్‌కోచ్’లో జాన్ వేన్ పాత్ర తొలిసారి కనిపించేటప్పుడు రైఫిల్‌ను ఒంటిచేత్తో గిర్రున తిప్పుతుంది. ఇందుకు వీలుగా లీవర్ కొక్కేన్ని సాధారణ పరిమాణం కన్నా పెద్దదిగా మార్చారు. ‘ది రైఫిల్‌మన్’ (1958-1963) ధారావాహికలోనూ మార్పులు చేసిన 1892 వించెస్టర్‌నే వాడారు. దాని కథ 1880ల నాటి న్యూమెక్సికోలో జరుగుతుంది.

‘వాంటెడ్: డెడ్ ఆర్ అలైవ్’ (1958-1961)లో స్టీవ్ మెక్వీన్ ధరించిన కురచ వించెస్టర్ మరింత స్పష్టమైన ఉదాహరణ. ఆ తుపాకి 44-40 కొలతది. అతని నడుముపట్టీలో వరుసగా కనిపించేవి మాత్రం 45-70 కొలత గల పెద్ద సైనిక తూటాలు. అవి ఆ తుపాకిలో పట్టవు. తెరమీద పెద్దగా, భయంకరంగా కనిపిస్తాయి కనుకనే వాటిని ఎంచుకొన్నారు.

తుపాకి ఒర విషయమూ ఇటువంటిదే. 1880ల నాటి ఒరలు నడుముకు ఎత్తుగా ఉండి, తుపాకిని చాలావరకు కప్పేవి. గుర్రంపై వెళ్ళేటప్పుడు ఆయుధం జారిపోకుండా, దుమ్ము పడకుండా కాపాడడం వాటి పని. తొడమీదికి వేలాడుతూ, కనురెప్పపాటులో తుపాకి బయటికి వచ్చే ఒర 20వ శతాబ్దపు కల్పన. 1950లలో ఆర్వో ఓజాలా లోపల లోహపు పలక అమర్చిన ఒరను రూపొందించి నటులకు వేగంగా తుపాకి తీయడంలో శిక్షణ ఇచ్చాడు. ‘గన్‌స్మోక్’ ధారావాహిక ప్రారంభ దృశ్యంలో మార్షల్ చేతిలో ఓడిపోయే వ్యక్తి అతడే. వీధి మధ్య ఎదురెదురుగా నిలిచి వేగాన్ని పరీక్షించుకొనే ద్వంద్వయుద్ధం వెస్టర్న్‌ల కేంద్ర సన్నివేశంగా స్థిరపడడానికి ఈ ఒర దోహదం చేసింది.

6. తెరనుంచి కర్మాగారానికి:

ఇంతవరకు చూసిన క్రమంలో కర్మాగారం నుంచి ఆయుధం తెరకు చేరింది. 1950లలో ఈ ప్రవాహం దిశ మార్చుకొంది. కోల్ట్ సంస్థ సుమారు మూడున్నర లక్షల సింగిల్ యాక్షన్ రివాల్వర్లను తయారుచేసి, రెండవ ప్రపంచయుద్ధ ప్రారంభకాలంలో ఆ నమూనాను నిలిపివేసింది. టెలివిజన్ వెస్టర్న్‌లు ఇంటింటికీ చేరడంతో ఆ రివాల్వర్‌కు గిరాకీ పెరిగింది. 1954 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లోని గ్రేట్ వెస్ట్రన్ ఆర్మ్స్ సంస్థ దాని నకళ్ళను విపణిలోకి తెచ్చింది. 1956లో కోల్ట్ స్వయంగా ఉత్పత్తిని పునఃప్రారంభించింది.

‘బంట్‌లైన్ స్పెషల్’ ఉదంతం ఇంకా విశేషమైనది. వ్యాట్ అర్ప్ జీవితంపై స్టూవర్ట్ లేక్ 1931లో ప్రచురించిన గ్రంథం, రచయిత నెడ్ బంట్‌లైన్ కొందరు పోలీసు అధికారులకు పన్నెండు అంగుళాల గొట్టం గల కోల్ట్ రివాల్వర్లను బహూకరించాడని చెప్పింది. దీనికి సమకాలిక ఆధారం చరిత్రకారులకు లభించలేదు. 1955లో మొదలైన అర్ప్ టెలివిజన్ ధారావాహికలో ఆ పొడవాటి రివాల్వర్ కనిపించింది. 1957లో కోల్ట్ సంస్థ అదే పేరుతో పొడవాటి రివాల్వర్‌ను తయారుచేసి అమ్మింది. ఆధారం లేని కథ మొదట పుస్తకమై, ఆపై దృశ్యమై, చివరకు చేతితో తాకగల లోహపు వస్తువైంది. వస్తువు కళ్ళెదుట ఉన్నప్పుడు కథను సందేహించడం మరింత కష్టం. భౌతికాధారాన్ని ప్రామాణికంగా భావించే పరిశోధకులకు ఇది హెచ్చరిక.

‘వించెస్టర్ ’73’ (1950) ప్రచారంలో మరో కోణం ఉంది. ఆంథొనీ మాన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో ‘వెయ్యింటిలో ఒకటి’ అనే శ్రేష్ఠమైన రైఫిల్ చేతులు మారుతూ కథను నడుపుతుంది. కథాకాలం 1876 కనుక 1873 రైఫిల్ ఇక్కడ కాలోచితమే. చిత్ర ప్రచారం కోసం యూనివర్సల్ సంస్థ అటువంటి రైఫిళ్ళు ఇంకా ఎవరి వద్ద ఉన్నాయో వెదికే పోటీని నిర్వహించింది. ఫలితంగా మరుగునపడిన కొన్ని అసలు ఆయుధాలు వెలుగులోకి వచ్చాయి. చరిత్రను మసకబార్చిన పరిశ్రమే మరో సందర్భంలో చారిత్రక వస్తువుల అన్వేషణకు కారణమైంది.

7. ఇటలీ నకళ్ళు:

అంతర్యుద్ధ శతాబ్ది సందర్భంగా పెరిగిన ఆసక్తి వల్ల ఇటలీలోని బ్రెషా ప్రాంతపు తయారీదారులు పాత రివాల్వర్ల నకళ్ళను ఉత్పత్తి చేయసాగారు. అల్డో ఉబెర్టి 1959లో స్థాపించిన సంస్థ వీటిలో ప్రముఖమైనది. సెర్జియో లియోనే చిత్రాలకు ఈ నకళ్ళు అందుబాటులోకి వచ్చాయి. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) కథ 1862 నాటి న్యూమెక్సికో దండయాత్ర నేపథ్యంలో సాగుతుంది. క్లింట్ ఈస్ట్‌వుడ్ పాత్ర ధరించినది 1851 నేవీ రూపంలోని రివాల్వర్. రూపరీత్యా ఇది ‘ది సెర్చర్స్’ కన్నా కాలానికి ఎంతో దగ్గర. అయితే దానిలో పేలేవి లోహపు తూటాలు. పాత కోల్ట్ రివాల్వర్లను తూటాలకు అనువుగా మార్చడం పేటెంట్ ముగిసిన తరువాత, 1870లలో వ్యాపించిన పద్ధతి. రూపం 1862కు చేరినా, తూటా సౌలభ్యం దానిని మరో దశాబ్దం ముందుకు లాగింది.

ఈ చిత్రాల ప్రభావంతోనే తెలుగులో కె.యస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, కృష్ణ కథానాయకుడిగా ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) రూపొందింది. రాజస్థాన్ ఎడారిలో చిత్రించిన ఈ కౌబాయ్ చిత్రం నాటికి టోపీ, ఒర, రివాల్వర్ అనే కూటమి తన జన్మస్థలంతో సంబంధం లేకుండానే గుర్తింపు పొందే సంకేతంగా మారిపోయింది.

8. ప్రమాదం:

ఖాళీ తూటా పేలాలంటే తుపాకి నిజమైన యంత్రాంగం కలిగి ఉండాలి. ఇందులోనే ప్రమాదం దాగి ఉంది. ఖాళీ తూటా సైతం దగ్గరి నుంచి ప్రాణాంతకం కాగలదు. 1993లో ‘ది క్రో’ చిత్రీకరణలో గొట్టంలో ఇరుక్కొన్న గుండును ఖాళీ తూటా బయటికి నెట్టడంతో నటుడు బ్రాండన్ లీ మరణించాడు. 2021 అక్టోబర్ 21న న్యూమెక్సికోలో ‘రస్ట్’ అనే వెస్టర్న్ సన్నాహాల్లో నిజమైన తూటా పేలి ఛాయాగ్రాహకురాలు మరణించింది, దర్శకుడు గాయపడ్డాడు. ఆ తుపాకి 1873 కోల్ట్ నమూనాకు ఇటలీలో తయారైన నకలు. స్టూడియో యుగంలో సౌలభ్యం కోసం స్థిరపడిన ఆయుధమే, అదే నమూనాలో, 21వ శతాబ్దంలోనూ చిత్రీకరణ స్థలంలో ఉంది. తెరమీది కాలవైరుధ్యం, తెరవెనుక ప్రాణాపాయం రెండింటికీ మూలం ఒక్కటే: పేల్చగల తుపాకిపై ఆధారపడిన నిర్మాణ పద్ధతి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది నిర్ధారణలు చేయవచ్చు.

ఒకటి, వెస్టర్న్ చిత్రాల్లోని ప్రతి తుపాకిలోనూ మూడు కాలాలు కలిసి ఉంటాయి. కథ జరిగే కాలం, ఆయుధం తయారైన కాలం, చిత్రం తీసిన కాలం. ‘ది సెర్చర్స్’ విషయంలో అవి వరుసగా 1868, 1873-1892, 1956. మొదటి రెండింటి మధ్య వ్యత్యాసాన్ని గుర్తించడం దోషాన్వేషణ. మూడవ కాలాన్ని చేర్చి కారణాన్ని అన్వేషించినప్పుడే అది చరిత్ర రచన అవుతుంది.

రెండు, కాలవైరుధ్యం చారిత్రక విలువ లేని పొరపాటు కాదు. సరిహద్దు జీవితానికి అది బలహీనమైన ఆధారం. స్టూడియో ఆర్థిక వ్యవస్థకు, అద్దె వ్యాపారానికి, నటనా సంప్రదాయానికి మాత్రం అది బలమైన ఆధారం.

మూడు, ఒకే రకం ఆయుధాల పునరావృతి ఆనాటి వైవిధ్యాన్ని చెరిపివేసింది. మార్పులు చేసిన పాత రివాల్వర్లు, ఒక్క తూటా తుపాకులు, మూలవాసుల చేతుల్లోని రైఫిళ్ళు, పట్టణాల ఆయుధ నిషేధాలు ప్రజల జ్ఞాపకంలో స్థానం పొందలేదు. ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందన్నది ఎవరు ఎవరిని ఎలా ఎదిరించారన్న ప్రశ్నకు సంబంధించినది కనుక, ఈ లోపం వస్తుసామగ్రి స్థాయిలో ఆగిపోదు. లిటిల్ బిగ్‌హార్న్ మట్టిలో దొరికిన తూటా తొడుగులు చెప్పిన కథకూ, తెరమీద కోట్లాదిమంది చూసిన కథకూ మధ్య ఉన్న దూరమే అందుకు నిదర్శనం. చలనచిత్రాన్ని చరిత్ర బోధనకు ఉపయోగించే అధ్యాపకులు ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలింపజేయడం ప్రయోజనకరం.